పెల్లెట్ గ్రిల్ చుట్టూ బ్యాక్‌యార్డ్ కిచెన్ కట్టిద్దామనుకుంటున్నాం, గ్రిల్‌ని రాయిలో బిగించెయ్యొచ్చా?

ఒంగోలు_సెలీనా:

అందరికీ నమస్కారం. మేము డాలస్‌కి ఉత్తరంగా సెలీనాలో ఉంటాం, ఇల్లు కొత్తదే, వెనకాల బిల్డర్ వేసిన కవర్డ్ ప్యాటియో ఉంది, దాని అవతల అంతా గడ్డి. పోయినేడు ఒక పెల్లెట్ స్మోకర్ గ్రిల్ కొన్నాం, పెల్లెట్లంటే చెక్క పొట్టు ఒత్తి చేసిన గుళికలు, వాటితో కాలుద్ది, చక్రాల బండి టైపు, గుళికలు పోసే డబ్బా, అదే హాపర్, ఎడమ పక్కన ఉంటది. అది వచ్చాక వీకెండ్ వంట ఎక్కువ బయటే అయిపోతోంది, చికెన్, సాల్మన్, మొక్కజొన్న కండెలు, అప్పుడప్పుడు మేక తొడ. ఇప్పుడు దాని చుట్టూ పర్మనెంట్‌గా ఒక కిచెన్ కట్టిద్దామని, ఎల్ షేపులో, ఒక పక్క 10 అడుగులు ఇంకో పక్క 6 అడుగులు అనుకుంటున్నాం.

ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి డ్రాయింగ్ ఇచ్చాడు. గ్రిల్‌కి కాళ్లు తీసేసి కట్టడం మధ్యలో కూర్చోబెట్టి రెండు పక్కలా కౌంటర్ అంచు దాకా మూసేశాడు, లోపల చెక్క ఫ్రేము, బయట స్టోన్ వెనీర్, అంటే పల్చటి రాతి పలకలు. బొమ్మ చూస్తే చాలా బాగుంది కానీ నాకెందుకో మనసు ఒప్పట్లేదు, రేపు దాని మోటరు పోతే ఎట్లా తీస్తామని అడిగితే "అంత తొందరగా ఏం కాదులెండి" అన్నాడు.

మా ఆవిడకి కావాల్సింది వేరే. ఇంట్లో ఓపెన్ కిచెన్, చేపలు వేయించినా పండక్కి అరిసెలు చేసినా మూడు రోజులు పై గదుల దాకా వాసన, అందుకని బయట ఒక గట్టి గ్యాస్ పొయ్యి ఉండి తీరాలంటది. కౌంటర్‌కి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే వెయ్యాలని కూడా పట్టు, వాళ్ల ఊరు అక్కడికి దగ్గరే. అత్తయ్యగారు మామయ్యగారు వేసవికి వస్తారు, వాళ్లు ప్యూర్ వెజ్, ముక్క కాల్చిన దాని మీద ఏదీ తినరు.

ఇంకోటి, మా వెనక నేల ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు ఇస్తోంది. దాని మీద ఇంత బరువు పెడితే నిలబడుద్దా? కట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి, డబ్బు పెట్టే ముందే తెలుసుకోవాలని ఉంది.

పెకాన్_పొగ:

బ్రదర్, మీ మనసు ఒప్పుకోకపోవడం కరెక్టే, ఆ డ్రాయింగ్ పక్కన పెట్టండి. పెల్లెట్ గ్రిల్‌ని రాయిలో బిగించకూడదు. రాయి ముప్పై ఏళ్లు ఉంటది, గ్రిల్ అంత కాలం ఉండదు, అందులో ఉన్నవన్నీ తిరిగేవీ కాలేవీ. ఎందుకంటున్నానో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. హాపర్‌లోంచి ఆగర్ అనే మరమేకు లాంటి కడ్డీ పెల్లెట్లని కొంచెం కొంచెంగా ఫైర్‌పాట్‌లోకి తోస్తది, హాట్ రాడ్ ఎర్రగా కాలి వాటిని అంటిస్తది, కింద ఫ్యాను గాలి కొడుతుంది, లోపల టెంపరేచర్ ప్రోబ్ చూసి కంట్రోలర్ ఎంత తొయ్యాలో చెప్తుంది. 1980ల్లో ఒరెగాన్‌లో మౌంట్ ఏంజెల్ అనే ఊళ్లో జో ట్రేగర్ మొదలుపెట్టిన ఐడియా ఇది, పేటెంట్ అయిపోయాకే ఇన్ని బ్రాండ్లు వచ్చినయ్, కానీ లోపలి పద్ధతి అన్నింటిదీ దాదాపు అదే. ఇందులో హాట్ రాడ్ పోతుంది, ప్రోబ్ పోతుంది, ఫ్యాను పోతుంది, కంట్రోలర్ పోతుంది. ఒక్కొక్కటి మార్చడం చిన్న పనే, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, కానీ చాలా మోడల్స్‌లో హాపర్ కింద పలక విప్పాలి, దానికి పక్కనుంచి కిందనుంచి చెయ్యి దూరాలి. రెండు వైపులా రాయి మూసేస్తే ఆ చిన్న పని కోసం కట్టడం పగలగొట్టాలి.

రెండో సంగతి గాలి. బండి టైపు గ్రిల్‌ని చుట్టూ ఖాళీ ఉంటుందనుకుని డిజైన్ చేస్తారు. ఫ్యాను కిందనుంచి గాలి పీలుస్తది, పొగ వెనకనుంచో చిమ్నీలోంచో పోతుంది. చుట్టూ మూసేస్తే గాలి సరిగ్గా ఆడక టెంపరేచర్ ఊగుతుంది, హాపర్ పక్కన వేడి నిలబడుతుంది, ఫైర్‌పాట్‌లో నిప్పు ఆగర్ గొట్టం గుండా హాపర్ వైపు వెనక్కి పాకే ప్రమాదం కూడా ఉంది. పైగా చెక్క ఫ్రేము అంటున్నారు! మీ గ్రిల్ మాన్యువల్ తీసి క్లియరెన్స్ ఎంతో చూడండి, కాలే వస్తువులకి 12 నుంచి 18 అంగుళాల దూరం అడిగేవి చాలా ఉంటాయి, ఆ అంకె ఒక్కటి చూపిస్తే చాలు చెక్క ఫ్రేము మాట అక్కడితో ఆగిపోతుంది. బిల్ట్-ఇన్ కోసమే చేసిన పెల్లెట్ గ్రిల్స్ వేరే ఉన్నాయి, వాటికి వెంట్లు ఎక్కడ వదలాలో కట్-అవుట్ కొలతలతో సహా ఇస్తారు. మీది అది కాదు.

నేనైతే ఏం చేస్తానంటే ఎల్ షేపులో పెద్ద చెయ్యి చివర ఒక గూడులా ఖాళీ వదులుతాను, మూడు వైపులా రాయి, ముందువైపు ఓపెన్, నేల కిచెన్ స్లాబ్‌తో ఒకే లెవెల్. గ్రిల్ చక్రాల మీదే లోపలికి దొర్లాలి, మళ్లీ బయటికి రావాలి. వెడల్పు ఇప్పుడున్న గ్రిల్‌కి సరిపడా కాకుండా కనీసం ఒక అడుగు ఎక్కువ పెట్టించండి, రేపు కొనేది ఇంకొంచెం పెద్దది అవ్వచ్చు. మూత వెనక్కి లేచే జాగా, హాపర్ మూత పైకి లేచే జాగా, కింద బూడిద దులుపుకునే జాగా కూడా కొలిచి చూసుకోండి. గ్రిల్ రెండు పక్కలా కౌంటర్ ఉంటే దూరంనుంచి బిల్ట్-ఇన్ లాగే కనిపిస్తుంది, ఆ అందం ఎక్కడికీ పోదు.

కరెంటు గురించి. మొదట్లో హాట్ రాడ్ కాలేటప్పుడు 200–300 వాట్లు లాగుతుంది, తర్వాత ఫ్యానూ ఆగరూ కలిపి చాలా తక్కువ, కాబట్టి లోడు సమస్య కాదు. కానీ అవుట్‌లెట్ జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రకం) ఉండాలి, వాడుతుండగా కూడా మూసుండే వర్షం కవరు ఉండాలి, ఎక్స్‌టెన్షన్ వైరు గడ్డి మీద లాగి నడిపించే పని అసలొద్దు. గూడు వెనక గోడలో, పొగ తగలని మూల, నడుము ఎత్తులో పెట్టించండి. అరిగిపోయిన హాట్ రాడ్‌లోకి చెమ్మ చేరితే జీఎఫ్‌సీఐ ట్రిప్ అవుతూ ఉంటది, అప్పుడు అందరూ వైరింగ్‌ని అనుమానిస్తారు, ముందు రాడ్ ప్లగ్గు పీకి చూడాలి.

చివరికి గాలివాటం. డాలస్ వైపు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణపు గాలి. మీ బ్యాక్‌యార్డ్ దక్షిణం వైపు ఉంటే పొగ నేరుగా ఇంటిమీదికే వస్తది, కవర్డ్ ప్యాటియో కింద పెట్టారంటే సీలింగ్ నల్లబడ్డమే కాదు, చూరు కింద సాఫిట్ వెంట్లలోంచి అటక మీదికి పోతుంది. గ్రిల్ గూడు ప్యాటియో కప్పు బయట ఉండాలి, వాన కోసం గ్రిల్‌కి కవరు చాలు. మీ వెనకవైపు ఏ దిక్కో చెప్పండి.

కాజీపేట_సివిల్:

అన్నా, నేను ఫ్రిస్కోల ఉంట, సివిల్ పనే చేస్త. మీరు అడిగిన నేల సంగతి చెప్త.

అది మన నల్లరేగడే అన్నా. డాలస్, సెలీనా, కిందికి వేకో దాకా అంతా బ్లాక్‌లాండ్ ప్రెయిరీ, మన దిక్కు పత్తి భూములెట్లనో గట్లనే ఇక్కడ గూడ ఒకప్పుడు పత్తే. హ్యూస్టన్ బ్లాక్ అనేటి మట్టిని టెక్సాస్ వాళ్లు స్టేట్ సాయిల్ అని పెట్టుకున్నరు. వాన పడితే ఉబ్బుతది, ఎండకు ముడుచుకుంటది. ఏడాదికి రెండుసార్లు నేల లేస్తది, దిగుతది, దాని మీద ఉన్నది గూడ లేస్తది, దిగుతది. కాబట్టి బరువు మోస్తదా లేదా అన్నది కాదు అసలు ప్రశ్న, అది కదిలినప్పుడు మీ కట్టడం మొత్తం ఒక్క ముక్కలెక్క కదలాలె, సగం ఒక దాని మీద సగం ఇంకో దాని మీద ఉండొద్దు. సగం ప్యాటియో స్లాబ్ మీద సగం కొత్త స్లాబ్ మీద ఐలాండ్ పెట్టిన ఇండ్లు చూసిన, రెండేండ్లల్ల నడుమ రాయి నిలువుగ చీలింది.

కొత్త స్లాబ్ వేరేగ పొయ్యాలె. గడ్డి తీసి, వదులు మట్టి తీసి, బేస్ గట్టిగ కంపాక్ట్ చేసి, 4 నుంచి 5 అంగుళాల కాంక్రీటు, లోపల రాడ్లు రెండు దిక్కుల జాలిలెక్క కట్టాలె, రాడ్లు మట్టి మీద పండుకోవద్దు, కింద కుర్చీలు పెట్టి నడుమల ఉండేటట్టు చూడాలె. ఐలాండ్ కూసునే అంచుల కింద బీమ్ లెక్క లోతు పెంచితే ఇంకా మంచిది. ఇంటి ప్యాటియోకు దీనికి నడుమ ఎక్స్‌పాన్షన్ జాయింట్, అంటే కదలనీకి సందు, ఇడవాలె, రెండిటినీ రాడ్లు గుచ్చి కలపొద్దు. వాటం ఇంటి దిక్కు నుంచి బయటికి ఉండాలె, అడుగుకు పావు అంగుళం. నీళ్లు ఫౌండేషన్ పక్కకు నిలిస్తే కిచెన్ సంగతి దేవుడెరుగు, ఇల్లుకే తిప్పలు.

ఇంకొకటి మస్తు ముఖ్యం. ఇక్కడ కొత్త ఇండ్లు ఎక్కువ పోస్ట్-టెన్షన్ స్లాబులు, లోపల స్టీల్ కేబుళ్లు గట్టిగ లాగి పెట్టి ఉంటయ్. కవర్డ్ ప్యాటియో చానా ఇండ్లల్ల ఇంటి స్లాబ్‌లో భాగమే. గ్యారేజ్ నేల మీద చూడు, స్లాబ్ కొయ్యొద్దు అని అచ్చు గుద్ది ఉంటది. పైపు కోసమనో యాంకర్ కోసమనో దానికి బొక్క కొట్టనియ్యకు, కేబుల్ తెగిందంటే మనుషులకు దెబ్బ తగులుతది, రిపేరు గూడ చిన్నది కాదు.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యాలె, ఫ్రీ, రెండు పని దినాలల్ల వచ్చి గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు రంగులతోటి గుర్తు పెట్టి పోతరు. కాంట్రాక్టర్ చేస్తడులే అనుకోకు, చేసిండా లేదా నువ్వు అడుగు. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాయితం తియ్యి, వెనక ఫెన్సు పొంటి యుటిలిటీ ఈజ్‌మెంట్ (పైపులు, వైర్ల కోసం ఇడిచిన జాగా) ఉంటది, దాంట్ల పర్మనెంట్‌గ ఏది కట్టినా కంపెనీవాళ్లు పైపు కోసం తవ్వాల్సొస్తే తీసేయిస్తరు. హెచ్‌ఓఏకు (కాలనీల ఇండ్ల ఓనర్ల సంఘం) గూడ అదే సర్వే మీద గీసి ఇవ్వాలె. గ్యాస్ లైన్‌కు, కరెంటుకు సిటీ పర్మిట్ సంగతి సిటీ ఆఫీసుల అడుగు, పర్మిట్ లేకుంట చేస్త అన్నోనితోటి పని పెట్టుకోకు.

ఫ్రేము చెక్కది వద్దే వద్దు, పైన అన్న చెప్పిండు గద. గాల్వనైజ్డ్ స్టీల్ స్టడ్స్, వాటి మీద సిమెంట్ బోర్డు, దాని మీద రాయి. లేదంటే కాంక్రీటు బ్లాకులు, అవి మస్తు గట్టి గానీ బరువు ఎక్కువ, మన నల్లరేగడి మీద నేనైతే స్టీల్ స్టడ్స్ దిక్కే ఉంట. గూడు వెనక గోడకు గూడ సిమెంట్ బోర్డే.

గ్రానైట్ ముచ్చట. వదినె గెలాక్సీ అడిగిందంటే తప్పు లేదు, ఇక్కడ ఏ గ్రానైట్ యార్డుకు పోయినా బ్లాక్ గెలాక్సీ అని మన చీమకుర్తి రాయే పెడతరు, గట్టి రాయి, నూనె మరకలు గూడ ఎక్కువ పట్టవు. కానీ నల్లది, జులై ఎండల డైరెక్టుగ పడితే చెయ్యి పెట్టలేరు. నీడ పడే దిక్కుకు గెలాక్సీ వేసి, ఎండకు ఉన్న దిక్కు లేత రంగు గ్రానైట్ వెయ్యుండ్రి, సీలర్ కొట్టిస్తే పసుపు మరకకు గూడ భయం లేదు. క్వార్ట్జ్ మాత్రం బయట వద్దు, దాంట్ల రెసిన్ ఎండకు పసుపురంగు తిరుగుతది.

కోనసీమ_కేటీ:

అండి, మేము హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మీ ఆవిడ అడిగిన పొయ్యి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఎందుకంటే మనలాంటి ఇళ్లల్లో ఈ కిచెన్‌ని రోజూ వాడేది ఆ పొయ్యితోనే, గ్రిల్ వారానికోసారి.

పెల్లెట్ గ్రిల్ పోపు పెట్టదు, మూకుడు కాచదు, బిర్యానీ దమ్ముకి ముందు గుండిగలో నీళ్లు మరిగించదు. కాబట్టి పవర్ బర్నర్ అని పెద్ద మంట వచ్చే గ్యాస్ పొయ్యి అమ్ముతారు, అది చూడండి, మామూలు సైడ్ బర్నర్ ఉంటే పాలు కాచుకోడానికి తప్ప దేనికీ రాదు. అన్నిటికన్నా ముఖ్యం దాని ఎత్తు. కాంట్రాక్టర్లు అన్నీ ఒకటే లెవెల్‌లో 36 అంగుళాలు పెట్టేస్తారు, దాని మీద పెద్ద గుండిగ పెడితే మూతి మన మొహం దగ్గరికి వచ్చేస్తుంది, కలపడానికి చెయ్యి ఎత్తాలి, వేడి నూనె అయితే మరీ ప్రమాదం అండి. పొయ్యి ఉన్న భాగం మాత్రం 24–26 అంగుళాలకి దించి కట్టించమనండి, మీ ఆవిడని నిలబెట్టి గుండిగ చేతికిచ్చి కొలత తీసుకోమనండి. గాలికి మంట ఆరకుండా వెనకా పక్కలా అడుగు ఎత్తు రాతి అడ్డం ఉంటే చాలా సుఖం.

గ్యాసు ప్రొపేన్ సిలిండరా, న్యాచురల్ గ్యాస్ లైనా అన్నది ముందే తేల్చుకోండి, బర్నర్‌లో ఆరిఫీసు (గ్యాసు వచ్చే చిల్లు) రెండింటికీ వేరు, ఒకదానికి కొన్నది ఇంకోదానికి పనికిరాదు. సిలిండర్ క్యాబినెట్‌లో పెడితే వెంట్లు అడుగున, ఎదురెదురు పక్కల రెండు ఉండాలి, ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే కిందే పేరుకుంటుంది. న్యాచురల్ గ్యాస్ తేలిక, పైకి పోతుంది, దానికి వెంట్లు పైన. రాయి వేసేశాక ఇవి కొట్టించడం నరకం, డ్రాయింగ్‌లోనే ఉండాలి. మీ గ్రిల్ గూడుకీ సిలిండర్ అరకీ మధ్య గట్టి గోడ ఉండాలి.

అత్తయ్యగారు వాళ్ల కోసం ఒక ఫ్లాట్-టాప్ గ్రిడిల్ పెట్టండి, బల్లంత పెనం. దాని మీద ముక్క ఎక్కకూడదని ఇంట్లో అందరికీ చెప్పెయ్యండి. పదిమంది వచ్చినా ఒకేసారి ఆరేడు దోశలు పడతాయి, పెసరట్లు, పరోటాలు, మిరపకాయ బజ్జీల పక్కన టోస్టులు, పెద్దవాళ్లకి అదొక్కటీ ఉంటే ఇంక బయటినుంచి లోపలికి రారు. నాన్‌వెజ్ గ్రిల్‌కి ఎల్‌లో అటు చివర, గ్రిడిల్ ఇటు చివర, మధ్యలో కోసుకునే చోటు. కత్తులూ పళ్లాలూ కూడా వేరే డ్రాయర్. ఇది చాదస్తం అనుకోకండి, వాళ్లు మనశ్శాంతిగా కూర్చుని తినాలంటే ఆ మాత్రం ఏర్పాటు మనం చెయ్యాలి.

సింకు కావాలంటారు అందరూ. చన్నీళ్ల కుళాయి ఒకటి చాలని నా అభిప్రాయం. డ్రెయిన్ సీవర్‌కి కలపాలంటే గొయ్యి, పర్మిట్, ఖర్చు, పైగా 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చినప్పుడు టెక్సాస్‌లో ఎన్ని ఇళ్లల్లో పైపులు పగిలాయో గుర్తుంది కదా. కుళాయి పెట్టినా లోపల షటాఫ్ వాల్వూ, నీళ్లు దింపేసుకునే ఏర్పాటూ అడగండి.

తలుపులూ డ్రాయర్లూ 304 గ్రేడు స్టెయిన్‌లెస్ తీసుకోండి, 430ది చవకే కానీ బయట తుప్పు చుక్కలు వచ్చేస్తాయి. షాపుకి అయస్కాంతం తీసుకెళ్లండి, 304కి దాదాపుగా అంటుకోదు.

ఇంక పెల్లెట్లు. మా వైపు గాలిలో చెమ్మ మీకన్నా ఎక్కువ, సంచీ విప్పి వదిలేస్తే ఉబ్బి పొట్టయిపోతాయి, అదే ఆగర్‌లోకి వెళ్తే సిమెంటులా బిగుసుకుంటుంది. వారం రోజులు వాడమనుకుంటే హాపర్ ఖాళీ చేసెయ్యాలి. 5 గ్యాలన్ల బకెట్లు, రబ్బరు సీలున్న తిప్పుడు మూతలు, అవి పట్టేలా గూడు పక్కన ఒక అర కట్టించండి. 20 పౌన్ల సంచీ ఒక్క బకెట్లో దాదాపుగా పట్టేస్తుంది.

ఒంగోలు_సెలీనా:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. బ్యాక్‌యార్డ్ దక్షిణమే, అంటే పొగ ఇంటిమీదికే. సర్వే తీసి చూశాను, వెనక ఫెన్సు పొంటి ఈజ్‌మెంట్ గీత ఉంది, కాంట్రాక్టర్ గీసిన ఐలాండ్ సగం అందులోనే పడుతోంది! మా ఆవిడ అయితే కేటీ అక్క రాసింది రెండుసార్లు చదివించుకుంది, పొయ్యి ఎత్తు తగ్గించడం ఖాయం.

ఒక్క డౌటు మిగిలింది. ఇంత ఖర్చు పెట్టి కడుతున్నాం కదా, తందూరీ లాంటిది పెల్లెట్ గ్రిల్ మీద నిజంగా వస్తుందా? మా దాంట్లో చికెన్ తోలు సాగుతూ ఉంటోంది, మేక తొడ ఒకసారి మెత్తగా ఒకసారి గట్టిగా. పక్కన బొగ్గుల గ్రిల్ ఇంకోటి పెట్టాలా?

పెకాన్_పొగ:

బ్యాక్‌యార్డ్ దక్షిణమైతే గూడుని ఇంటికి ఎదురుగా కాకుండా తూర్పో పడమరో పక్క చివరికి జరపండి, పొగ ఇంటి మూల దాటి పక్కగా పోవాలి. పక్కింటివాళ్ల కిటికీలు ఎటున్నాయో కూడా చూసుకోండి, ఇళ్ల మధ్య దూరం తక్కువ కదా.

తందూరీ మాట. పెల్లెట్ గ్రిల్ వేడి అంతా ఇన్‌డైరెక్ట్, ఫైర్‌పాట్ మీద రేకు, దాని మీద డ్రిప్ ట్రే, మంట ముక్కకి తగలదు. చాలావరకు 450–500 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆగిపోతాయి, నేను చెప్పే అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. తందూరు అంతకన్నా చాలా వేడి, నిప్పు మీద కొవ్వు చుక్క పడి లేచే ఆ మసి రుచి ఇందులో రాదు. కాబట్టి చిన్న బొగ్గుల గ్రిల్ ఒకటి పక్కన ఉంటే మంచిదే, కానీ దాన్ని కూడా కట్టించెయ్యకండి, కౌంటర్ కింద అరలో పెట్టుకుని కావాల్సినప్పుడు బయటికి తీసుకునేది చాలు. కాల్చిన వంకాయ పచ్చడికి కూడా పెల్లెట్ గ్రిల్ మీద తొక్క మాడదు, ఆ పవర్ బర్నర్ మంట మీద పెట్టండి, లేదా ముందు ఒక గంట గ్రిల్‌లో పొగ పట్టించి తర్వాత మంట మీద మాడ్చండి, ఆ పచ్చడి రుచి చెప్తే తెలిసేది కాదు.

తోలు సాగడానికి కారణం 225 దగ్గర వండటం. కోడికి అంత నెమ్మది అక్కర్లేదు, 350–375 పెట్టండి, కొవ్వు కరిగి తోలు గట్టిపడుతుంది. పెరుగు మసాలా పట్టిస్తే తోలు తీసెయ్యడమే మంచిది. లోపల 165 వస్తే సేఫ్, తొడ ముక్క అయితే 175–180 దాకా పోనివ్వండి, అప్పుడే ఎముక దగ్గర జిగురు పోతుంది. పొగ పట్టిన చికెన్ ఎముక దగ్గర గులాబీ రంగు ఉంటే పచ్చిదని మనవాళ్లు భయపడతారు, పొగలోని వాయువులు మాంసం రంగుతో కలవడం వల్ల వచ్చేది అది, థర్మామీటర్ని నమ్మండి, రంగుని కాదు.

మేక తొడ ఒక్కోసారి గట్టిగా రావడం కూడా టెంపరేచర్ సంగతే. 145 లోపల వస్తే తినడానికి సేఫ్, కానీ మేకలో కండని కట్టి ఉంచే పొరలు ఎక్కువ, అది కరగాలంటే 195–205 దాకా పోవాలి. మధ్యలో 150–170 దగ్గర గంటలకొద్దీ ముల్లు కదలదు, పైన తడి ఆవిరై చల్లబరుస్తుంటది కాబట్టి, అక్కడే చాలామంది ఓపిక పట్టలేక తీసేస్తారు. నేను చేసే పద్ధతి, హలాల్ షాపులో తొడ ముక్కలు కొట్టకుండా మొత్తంగా ఇవ్వమని అడిగి తెచ్చి, అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం, ధనియాల పొడి, మిరియాలు రాత్రే దట్టించి, పొద్దున 225లో పొగ పట్టేదాకా వదిలేసి, పైన ముదురు రంగు కట్టు కట్టాక ఉల్లిపాయలూ కొంచెం పెరుగూ వేసి ఫాయిల్‌లో చుట్టి 275కి పెంచుతా. పొగ అంతా మొదట్లోనే పడుతుంది, చుట్టాక వేడి మాత్రమే కావాలి, అప్పుడు పెల్లెట్లు కూడా వృథా కావు. ఎముక మెలిపెడితే ఊడొచ్చేలా ఉండాలి, ఫాయిల్‌లో మిగిలిన రసం పారబొయ్యకండి, అన్నంలోకి అది చాలు.

చెక్క విషయంలో మేకకి పెకాన్ కానీ ఓక్ కానీ. మెస్కీట్ ఘాటు, చేపకి వద్దు. సంచీ వెనక చదవండి, ముందు మెస్కీట్ అని రాసి లోపల సగానికిపైగా ఓకో ఆల్డరో కలిపేవి ఉంటాయి. పొగ చాలట్లేదనిపిస్తే చిల్లుల గొట్టం ఒకటి దొరుకుతుంది, అందులో పెల్లెట్లు నింపి అంటించి గ్రిల్ లోపల పక్కన పెట్టండి.

వాడాక ప్లగ్గు పీకెయ్యకుండా షట్‌డౌన్ పూర్తయ్యేదాకా ఆగండి, ఫైర్‌పాట్‌లో మిగిలింది కాలిపోవాలి. నాలుగైదు వంటలకోసారి పూర్తిగా చల్లారాక బూడిద వ్యాక్యూమ్ పట్టండి, డ్రిప్ ట్రే కొవ్వు గీకండి. గ్రిల్ బయటికి దొర్లే గూడు కావాలని పట్టుబట్టింది ఇందుకు కూడా.

మియాపూర్_మిద్దెతోట:

ఇది చదువుతుంటే హైదరాబాద్‌లో మా టెర్రస్ మీద పెట్టాలనిపిస్తుంది. ఇక్కడ బాయిలర్లకి అమ్మే పెల్లెట్లు బస్తాల్లెక్క దొరుకుతయ్, చవక. అవి వాడొచ్చా?

పెకాన్_పొగ:

వద్దండి, అసలొద్దు. బాయిలర్ పెల్లెట్లు రంపపు పొట్టు, వేరుశనగ తొక్కలు, రకరకాల వ్యవసాయ చెత్త కలిపి ఒత్తినవి, ఏ చెక్క పొట్టు కలిసిందో, దానికి రంగూ జిగురూ ఏం అంటిందో మనకి తెలీదు, ఆ పొగ నేరుగా తిండికి పడుతుంది. ఇక్కడ ఇంటి హీటింగ్‌కి అమ్మే పెల్లెట్లు కూడా గ్రిల్‌లో వెయ్యరు, దేవదారు జాతి మెత్తటి చెక్క కలిసుండొచ్చు. ఫుడ్ గ్రేడ్ హార్డ్‌వుడ్ దొరక్కపోతే మీకు బొగ్గుల గ్రిల్లే మేలు, అందులో చింత మొద్దు బొగ్గులు వేసుకోవచ్చు, కరెంటు పోతే మధ్యలో ఆగిపోయే బాధ కూడా ఉండదు.

కాజీపేట_సివిల్:

సెలీనా అన్నా, ఈజ్‌మెంట్ల పడుతుందంటున్నవ్ గద, ఐలాండ్‌ను ఇంటి దిక్కు జరిపి కొత్త డ్రాయింగ్ గీయించు. దాంట్ల స్లాబ్ కొలతలు, గూడు లోపలి వెడల్పు, వెంట్లు ఏడున్నయో, అవుట్‌లెట్ ఏడుందో, వాటం ఎటో అన్నీ కనబడాలె, రాయి రంగు శాంపిల్ ఫోటో గూడ జత చేసి హెచ్‌ఓఏకు పంపు. వాళ్లు ఒప్పుకున్న కాయితం చేతికొచ్చినంకనే అడ్వాన్స్ ఇయ్యి. కాంక్రీటు మాత్రం నడి ఎండాకాలంల పోయించకు, పోయించాల్సొస్తే పొద్దున్నే మొదలువెట్టి తడి గోనెసంచులు కప్పి కనీసం వారం క్యూరింగ్ చేయించు. ఇద్దరు కాంట్రాక్టర్ల కొటేషన్లు తెచ్చినంక డ్రాయింగ్ ఇక్కడ పెట్టు, రాడ్ల సంగతి నేను చూసి చెప్త.